గుమ్మం పక్కన మేకు

పదింటి బస్సుకి వస్తారు, నాలుగింటి బస్సుకి పోతారు. ఆ ఆరు గంటలూ మా ఊరంత అందమైన ఊరు ఇంకోటి ఉండదు. మూడు వైపులా కొండలు, మధ్యలో సరస్సు, ఒడ్డు వెంబడి నీలం, పసుపు, ఎరుపు తలుపులున్న ఇళ్లు. ఆ తలుపుల ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటారు. లోపల ఎవరు ఎవర్ని ఎక్కడ తంతున్నారో తలుపు రంగు చెప్పదు కదా. ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇక్కడ, అని నాతోనే అంటారు. అవునండీ అంటాను. అలా అన్నందుకే నాకు జీతం.

ఇది ఇరవై ఆరేళ్ల కిందటి వేసవి సంగతి. అప్పుడు నాకు ఇరవై నాలుగు. పెళ్లై ఏడాది తిరగలేదు.

అప్పటిదాకా సరస్సు మీద తెడ్ల పడవలే ఉండేవి, పద్దెనిమిది. బస్సు దిగిన జనాన్ని నడిమి దీవికి తీసుకెళ్లి, అక్కడున్న పాత రాతిగోపురం చూపించి తీసుకొచ్చేవాళ్లం. ప్రతి పడవకీ అడుగున వెనకవైపు బొటనవేలు దూరేంత కంత ఉంటుంది. పడవని ఒడ్డుకి లాగాక లోపల చేరిన నీళ్లు అందులోంచి పోవాలి. మళ్లీ నీళ్లమీదికి దించేముందు దానికి చెక్క బిరడా బిగించాలి. కంతలూ చేత్తో తొలిచినవే, బిరడాలూ చేత్తో చెక్కినవే. ఒకదాని బిరడా ఇంకొకదానికి పట్టదు. పట్టినట్టు ఉంటుంది, అంతే.

పొద్దున రేవుకి రాగానే ఎవరి బిరడా వాళ్లు వంతుపలకకి తగిలించాలి. ముందొచ్చినవాడిది మొదటి మేకు, వాడిదే మొదటి బేరం. సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి తగిలించడం ఆడవాళ్ల పని, పొద్దున తీయడం మగవాళ్ల పని. బిరడాని ఆడది గుమ్మం దాటిస్తే ఆ పడవ తిరిగిరాదని మావాళ్ల నమ్మకం. ఒకరి బిరడా ఇంకొకరు ముట్టుకోకూడదు. పారేయకూడదు. మా ఊళ్లో దొంగలున్నారు, తాగుబోతులున్నారు, పెళ్లాల ఎముకలు విరిచినవాళ్లున్నారు. ఈ కట్టుబాటు తప్పినవాడు మాత్రం అప్పటిదాకా ఒక్కడూ లేడు.

మా పడవ అన్నది. అన్న చుక్కాని దగ్గర కూర్చునేవాడు, నేను తెడ్డు వేసేవాణ్ని. తెడ్డేసేవాడు పోయేవైపు వీపు పెట్టి కూర్చుంటాడు. అంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా కళ్లెదురుగా ఉండేది అన్న మొహమే. నాన్న పోయాక నన్ను నాలుగో తరగతిలోంచి లాక్కొచ్చి ఆ బల్ల మీద కూర్చోబెట్టాడు. తెడ్డు తప్పు పడితే చుక్కాని కర్ర తీసి మోకాలి చిప్ప మీద కొట్టేవాడు. బస్సు జనం ఉన్నప్పుడు నవ్వుతూ కొట్టేవాడు, వాళ్లు సరసమనుకునేవాళ్లు. నన్ను పెంచింది ఆయనే. కాదనను. వదినా ఇద్దరు ఆడపిల్లలూ నేనూ నా భార్యా, అందరం ఆయన చేతికింద బతికినవాళ్లమే. చెయ్యి అన్నది ఊరికే అన్నమాట కాదు.

బిరడా అడిగేటప్పుడు ఆయన తల తిప్పేవాడు కాదు. పడవలో తన చోట కూర్చుని చెయ్యి వెనక్కి చాపేవాడు. పడవని తోసే నేను ఆ చేతిలో పెట్టాలి. దాన్ని కంతలో పెట్టి పిడికిలితో రెండు గుద్దులు గుద్దేవాడు. ఆ చలికాలమే ఆ బిరడాని కొత్తగా చెక్కాను. పైన మూడు గాట్లు పెట్టాను. వారానికోసారి కొవ్వులో ముంచి తీసేవాణ్ని, నీళ్లు పీల్చకుండా.

వేసవి మొదలవుతూనే హోటలాయన లాంచి దింపాడు. ముప్ఫై మంది ఎక్కుతారు, పావుగంటలో దీవి. నడిపేవాడు నా భార్య అన్న, నాకు బావ. కింద పట్నంలో లారీలు బాగుచేసేవాడు, చెల్లెలు ఇక్కడే ఉంది కదా అని ఒప్పుకుని వచ్చాడు. మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. రేవులో ఎవడు ఏమన్నా, అవునన్నా, నిజమే అన్నా, అనేవాడు. తిట్టేవాడికి తిట్టిన తృప్తి కూడా మిగిల్చేవాడు కాదు.

వారం తిరిగేసరికి పలక మీద ఎనిమిదో మేకు దాటి వంతు రావడం లేదు. "మెరుపు" అని ఒక పడవాయన ఉండేవాడు. ఊళ్లోకల్లా నిదానస్తుడు, అందుకే ఆ పేరు. బిరడా మేకుకి తగిలించుకుని సాయంత్రం దాకా రాయి మీద కూర్చుని, నా బిరడాకి బాగా గాలి తగులుతోందిరా, దాని ఆరోగ్యం బాగుపడింది అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. అన్న నవ్వేవాడు కాదు.

మొదటి దెబ్బ లాంచి టిక్కెట్లమ్మే అబ్బాయికి పడింది. లాంచి అలకి మా పడవ అడ్డం తిరిగి ఒకావిడ ఒళ్లంతా తడిసింది. నీళ్ల మీద ఎవరి మీదా చెయ్యెత్తకూడదు, అదొక కట్టుబాటు మాకు. ఒక పడవలో కొట్లాట అంటే అందరూ పోవడమే. అందుకని అన్న ఒడ్డు చేరేదాకా ఆగాడు. పడవ కట్టాడు, తడిసినావిడకి చెయ్యిచ్చి దింపాడు, క్షమించమన్నాడు. తర్వాత నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి టిక్కెట్ల బల్ల దగ్గరున్నవాడి జుట్టు పట్టుకుని మొహాన్ని ఆ బల్లకేసి కొట్టాడు. మూడుసార్లు. పన్ను ఒకటి ఎగిరి టిక్కెట్ల పెట్టెలో పడింది. బావ పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడి, తప్పు నాదన్నా, అల చూసుకోలేదు అన్నాడు. అన్న ఆయన్ని కొట్టలేదు. నావైపు తిరిగి నన్ను కొట్టాడు.

ఆ ఆదివారం బావ ఇంటికొచ్చాడు. బుట్టెడు పళ్లు తెచ్చాడు. అన్న ఇంట్లో లేడు. వదిన బుట్ట తీసుకుని కూర్చోమంది. కూర్చోలేదు పాపం, గుమ్మంలోంచే చెల్లెలితో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనాల వేళ అన్నకి బుట్ట కనపడింది. ఎవరు తీసుకున్నారని అడిగాడు. నేనే అంది వదిన. జుట్టు పట్టుకుని లాగితే ఈసారి కూడా ఒక పాయ ఊడి చేతిలోకొచ్చింది. వదినకి ఎడమ చెవి పైన అరచేతి మేర జుట్టు మొలిచేది కాదు, కొంగు అటువైపే కప్పుకునేది. అన్న బుట్ట తన్నాడు. పళ్లు ఇల్లంతా దొర్లాయి.

నా భార్య వంగి ఏరుతోంది. ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంటోంది. అన్న ఆమె చేతి మీద కాలు పెట్టాడు. బరువంతా మోపి మడమ తిప్పాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు. ఎండుపుల్ల విరిగినట్టు వినపడింది.

ఆమె అరవలేదు. తలెత్తి నావైపు చూసింది.

నేను కంచంలోంచి చెయ్యి తీయలేదు. అది చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను. అన్న నా పక్కన వచ్చి కూర్చుని, ముద్ద కలుపుకుంటూ, "మన పొయ్యి మీద వండుకుంటూ వాళ్లన్న పాట పాడితే ఊరుకునేది లేదని చెప్పు నీ పెళ్లానికి," అన్నాడు. నేను చెప్పలేదు. తినడం మాత్రం ఆపలేదు.

వైద్యుడు రెండు వేళ్లూ కలిపి చెక్క పెట్టి కట్టాడు. ఇక వంగవన్నాడు. ఇంటికొచ్చే దారిలో ఆమె నాతో అన్న మాట ఒక్కటే. "నువ్వేం చేస్తావని నేను అడగడం లేదు. మా అన్నకి మాత్రం చెప్పకు. వాడు వస్తే మీ అన్న చంపేస్తాడు."

బావకి చెప్పలేదు. కానీ ఊళ్లో దాగేదేముంది. నాలుగు రోజులకి ఎవరో చెప్పారు.

అయిదో రోజు పదింటి బస్సు, దాని వెనకే ఇంకో బస్సు వచ్చాయి. రేవంతా జనం. మా బిరడా మొదటి మేకుకి ఉంది. బావ లాంచి దిగి నేరుగా అన్న దగ్గరికి వచ్చాడు. అంతవరకూ ఎవరినీ ఏకవచనంతో పిలిచినవాడు కాదు.

"మా చెల్లెలి చెయ్యి ఏ కాలితో తొక్కావురా?"

అన్న కుడికాలు చూపించాడు. బావ చేతిలో లాంచి తాలూకు రెంచి ఉంది. దాన్ని ఆ మోకాలి మీద వేశాడు. అన్న పడలేదు, కుంటుతూనే తెడ్డు అందుకున్నాడు. తెడ్డు అంచు బావ నుదుటికి తగిలి కనుబొమ్మ నుంచి చెవి దాకా తెరుచుకుంది. అప్పటిదాకా రాళ్ల మీద కూర్చుని గాలి పోసుకుంటున్న పడవాళ్లంతా లేచారు. నెలరోజుల వంతులు లేని కోపం. హోటలు పనివాళ్లు అటునుంచి వచ్చారు. ఎవడు ఎవణ్ని కొడుతున్నాడో తెలియలేదు. ఒకడి మణికట్టు తెడ్డుకీ రాయికీ మధ్య నలగడం చూశాను. మెరుపు ఎన్నడూ లేనంత చురుగ్గా ఒకడి చెవి కొరికాడు. పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు బస్సులోకి పరిగెడుతున్నారు, మగవాళ్లు కొందరు ఫోటోలు తీస్తున్నారు. ఈ గలాటాలో వంతుపలక కూలింది. బిరడాలన్నీ గులకరాళ్ల మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

హోటలాయన బావని రెక్కపట్టి లాంచిలోకి తోశాడు. అప్పటికే అందులో పాతిక మంది ఎక్కి ఉన్నారు, భయంతో దిగడం లేదు. తీసుకుపో, దీవి దగ్గర ఉండు, ఇక్కడుంటే చస్తావు అని అరిచాడు. బావ తలకి తువ్వాలు చుట్టుకుని లాంచి తీశాడు.

అన్న పడవ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లాడు. ఇనపముల్లున్న గడ ఒకటి లోపల వేశాడు. ఏం చేయబోతున్నాడో అందరికీ తెలిసింది. నీళ్ల మీద వద్దురా అని మెరుపు అన్నాడు, నోటినిండా రక్తంతో. అన్న వినలేదు. నేను అలవాటుగా నా బల్ల మీదికి ఎక్కబోతే గుండెల మీద తన్ని కిందికి తోశాడు.

"పెళ్లాం తరఫు కుక్కవి. నువ్వొద్దు. తోయి."

ఎక్కి తన చోట కూర్చుని, తెడ్లు దగ్గరికి లాక్కుని, చెయ్యి వెనక్కి చాపాడు. ఎప్పటిలాగే. తల తిప్పలేదు.

నేను గులకరాళ్ల మీద మోకాళ్లతో ఉన్నాను. మూడు గాట్ల బిరడా నా ఎడమ చేతి దగ్గరే ఉంది. మెరుపుది కుడి చేతి దగ్గర. దానికి గుడ్డ చుట్టి ఉంటుంది, మాదానికన్నా దారప్పోగంత సన్నం. మాదాన్ని కోటు జేబులో వేసుకున్నాను. రెండోదాన్ని అన్న చేతిలో పెట్టాను. కంతలో పెట్టి రెండు గుద్దులు గుద్దాడు. పడవ తోశాను.

సగం దూరం పోయేసరికి నీళ్లూరుతాయి, వెనక్కి తిరుగుతాడు, ఈలోపు కోపం చల్లారుతుంది. అలా అనుకున్నాననే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అనుకునే ఉంటాను.

ఆయన వెనక్కి తిరగలేదు. మడమల దాకా నీళ్లొచ్చినా తిరిగే రకం కాదని నాకన్నా తెలిసినవాడెవడు, పదమూడేళ్లు ఆ మొహమే చూస్తూ కూర్చున్నవాణ్ని. దీవికి ఇవతల, బాగా లోతున్న చోట, పడవ వెనకభాగం కుంగడం ఒడ్డునుంచి చుక్కలా కనపడింది. మా సరస్సులో కరిగిన మంచు నీళ్లు. సిగరెట్టు కాలేంతసేపు బతుకుతాడు మనిషి. లాంచి వెనక్కి తిరిగి ఆ చుక్క వైపు రావడం కనపడింది. ఇంకేం కనపడలేదు. ఎవరికీ కనపడలేదు.

రెండింటికి బావ తిరిగొచ్చాడు. ఒళ్లంతా తడి. కొక్కెం గడతో చొక్కా పట్టుకున్నానని, చిరిగిపోయిందని, మళ్లీ పట్టుకుంటే భుజంలో దిగిందని, అయినా జారిపోయాడని, తానూ దూకానని ఏడుస్తూ చెప్పాడు. లాంచిలో ఉన్న పాతిక మందీ అది చూశారు. ఒకావిడ అన్న కోసం ఏడ్చింది కూడా. తర్వాత నాలుగింటి బస్సెక్కారు. కింద పట్నం నుంచి పోలీసులు వచ్చేసరికి అయిదైంది. చూసినవాళ్లెవరూ ఊళ్లో లేరు, వాళ్ల పేర్లెవరికీ తెలియవు. ఆ చూసినవాళ్లలో ఏ ఒక్కరూ మళ్లీ మా ఊరు రాలేదు.

శవం మూడో రోజు పొద్దున తేలింది. భుజం మీద కొక్కెం గుర్తు. పడవ తేలలేదు, అక్కడి లోతు ఇప్పటికీ ఎవరూ కొలవలేదు. పోలీసు అధికారి రేవులోనే బల్ల వేసుకుని ఒక్కొక్కర్నీ అడిగాడు. లాంచి గుద్దిందని మొదటివాడు చెప్పాడు. రెండోవాడూ అదే. పడవాళ్లందరికీ లాంచి పోవాలి, అంతకంటే మంచి అవకాశం రాదు. మెరుపు ఒక్కడు, నాకు సరిగ్గా కనపడలేదు బాబూ అన్నాడు. ఆయన బిరడా పోయింది, ఆ రోజు గులకరాళ్లలో పోయిన నాలుగైదింటితో పాటు. ఎవరూ పట్టించుకోలేదు.

చివర నన్ను పిలిచారు. చనిపోయినవాడి తమ్ముణ్ని. బావ పక్కనే ఉన్నాడు, చేతులకి బేడీలు, తలకి కట్టు. నావైపు ధైర్యంగా చూశాడు. చెప్పరా, అన్నట్టు.

"లాంచి గుద్దిందా?"

తలూపాను. నోటితో చెప్పు అన్నాడు అధికారి. గుద్దింది, అన్నాను.

ఇంటికొచ్చి కోటు విప్పి మంచం మీద పడేశాను. మూడు రోజులుగా ఒంటి మీదే ఉంది. ఆ బిరడాని ఏ బండ కిందో, ఏ నీళ్లలోనో పారేయొచ్చు. రెండుసార్లు రేవు చివరిదాకా వెళ్లాను. ఈ ఊళ్లో పుట్టినవాడి చెయ్యి ఆ పని చేయదు. మనిషిని నీళ్లలోకి తోసిన చెయ్యే, బిరడాని విసరలేకపోయింది.

నా భార్య ఉతకడానికి కోటు తీసింది. జేబులు తడిమింది. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. కట్టు కట్టిన చేత్తో దాన్ని బయటికి తీసి చూసింది. మూడు గాట్ల మీద వేలు పెట్టింది. ఆరోజు పొద్దున ఆ మేకు నుంచి అన్న దాన్ని తీసుకెళ్లడం ఇంట్లో అందరం చూశాం. అది లేకుండా పడవ నీళ్లలోకి పోదని మా ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. ఆమె ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. అయినా అడిగింది.

"ఇప్పుడు వెళ్లి చెబుతావా?"

నేను నేలకేసి చూశాను. ఆమె గుమ్మం పక్కన మేకుకి దాన్ని తగిలించింది. ఎప్పుడూ తగిలించినట్టే, తాడు మెలిక పడకుండా. చెప్పులేసుకుని బయటికి వెళ్లింది. అధికారి ఇంకా రేవులోనే ఉన్నాడు.

చేత్తో పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టి ఉంటే అయిపోయేది. వాళ్లన్న ఆ సాయంత్రమే ఇంటికొచ్చేవాడు, నేను ఆయన స్థానంలో వెళ్లేవాణ్ని. కానీ ఆడది దాన్ని గుమ్మం దాటించకూడదు కదా. ఏడాది కాపురంలోనే మా కట్టుబాటు ఆమెకి అంతగా పట్టేసింది. అధికారినే తీసుకొచ్చి చూపిద్దామనుకుంది.

వదిన పొయ్యి దగ్గరుంది. అంతా విందని నాకు తెలియదు. లేచి వచ్చి మేకు ముందు నిలబడింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. తల మీద కొంగు జారి ఉంది, ఎడమ చెవి పైన ఆ బోడి చోటు కనపడుతోంది. అరుస్తుందనుకున్నాను. మొగుణ్ని పొట్టనపెట్టుకున్నావని మీద పడుతుందనుకున్నాను. పడితే బాగుండుననిపించింది.

చెయ్యి చాపి బిరడా తీసింది. వెళ్లి పొయ్యిలో పెట్టింది. కొవ్వు తాగిన చెక్క, భగ్గున అంటుకుంది. పుల్లతో లోపలికి తోసి, పిల్లలకి కంచాలు పెట్టమని నాకు చెప్పింది.

అధికారి గుమ్మంలోకి వచ్చాడు, వెనక నా భార్య. అదిగో అని చెయ్యెత్తి చూపించింది. మేకు ఉంది.

ఆయన మేకుని చూశాడు, ఆమెని చూశాడు, ఏం చూడమంటావమ్మా అన్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి, ఏంటీ వాసన అన్నాడు. పచ్చికట్టెలు బాబూ అంది వదిన, తలతిప్పకుండా. అన్న కోసం చెల్లెలు ఏమన్నా చెబుతుంది, అది మామూలే అన్నట్టు అధికారి నాకేసి చూసి వెళ్లిపోయాడు. నా భార్య అక్కడే నిలబడింది. ఆ వాసన ఏమిటో ఆమెకి తెలుసు. ఆమె మొహంలో ద్వేషం ఉంటుందనుకున్నాను. లేదు. మురికినీళ్లు తొక్కకుండా పక్కనుంచి దాటేటప్పుడు చూస్తామే, అలా నన్ను చూసింది. బట్టలు మూట కట్టుకోవడానికి పావుగంట పట్టింది, ఒంటిచేత్తో కదా. ఎవరమూ సాయం చేయలేదు.

బావకి ఏడేళ్లు పడ్డాయి. ఆ వేసవికి లాంచి పోయింది, పడవాళ్లం గెలిచాం. రెండేళ్లకి హోటలాయన మూడు లాంచీలు దింపాడు. ఇప్పుడు వాటిలో ఒకటి నేనే నడుపుతాను.

పెళ్లిళ్లై పిల్లలిద్దరూ వెళ్లిపోయారు. ఇంట్లో వదినా నేనూ మిగిలాం. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ వడ్డిస్తుంది, నేను తింటాను. ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పోయినేడు ఇంటికి సున్నం వేయిస్తూ ఆ మేకు పీకేయమని పనివాడికి చెప్పాను. వదిన లోపల్నుంచి వచ్చి వద్దంది.

"ఉండనీ. అది కళ్లెదురుగా ఉంటేనే నువ్వు ఒళ్లు దగ్గరపెట్టుకుని ఉంటావు," అంది.